రేడియో స్నాగ్ (లోపం) వస్తే ముందు బాక్సు మార్చాలా, వైరు చూడాలా?

మిర్యాలగూడ నాన్న:

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి నల్గొండలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సుకు చదువుతానంటున్నాడు. వాడి మనసంతా బీ-2 మీద, అంటే విమానంలోని రేడియోలు, నావిగేషన్ పరికరాలు, ఆటోపైలట్ వంటి ఎలక్ట్రానిక్స్ మీద ఉంది. శంషాబాద్‌లో పనిచేసే మా బంధువొకాయన మాత్రం, ఈ రోజుల్లో ఏవియానిక్స్ అంటే ఒక బాక్సు (పరికరం ఉండే పెట్టె) తీసి ఇంకో బాక్సు పెట్టడమేననీ, ఏది చెడిందో విమానంలోని కంప్యూటరే చెబుతుందనీ, ఆ మాత్రం పనికి ఇంజన్లు, ఎయిర్‌ఫ్రేమ్ చూసే బీ-1 ఇంజనీరు సంతకమే చెల్లుతుంది కాబట్టి బీ-2 కోసం కాలం వృథా చేయవద్దనీ అంటున్నారు. ఇందులో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరు.

శంషాబాద్ లైన్:

అయ్యా, మీ బంధువు గారి మాటను కొట్టిపారేయలేం. గేటు దగ్గరికి వచ్చిన విమానం మళ్లీ బయలుదేరడానికి చాలాసార్లు గంట కూడా ఉండదు. రెండో వీహెచ్ఎఫ్‌లో, అంటే నేల మీది కంట్రోలర్లతో మాట్లాడే రేడియోలో, మాట గరగరలాడుతోందని పైలట్ టెక్ లాగ్‌లో (లోపాలు రాసే పుస్తకంలో) రాసి దిగిపోతే, ఆ గంటలో ప్యానెళ్లు విప్పి కేబులు వెంట వెళ్లడం జరిగే పని కాదు. లోపం ఎక్కడుందో వెతకడానికి తయారీదారు ఇచ్చే ఫాల్ట్ ఐసోలేషన్ మాన్యువల్ కూడా చాలా సందర్భాల్లో ముందుగా బాక్సు మార్చి పరీక్షించమనే చెబుతుంది. స్టోర్‌లో బాక్సు లేకపోతే, ఎమ్ఈఎల్ (ఏది పనిచేయకపోయినా ఎగరవచ్చో చెప్పే జాబితా) అనుమతించిన మేరకు లోపాన్ని వాయిదా వేస్తాం. ఆ జాబితాలోని బీ వర్గం లోపానికి 3 రోజులు, సీ వర్గానికి 10 రోజులు గడువు ఉంటుంది.

బాక్సు మార్చడాన్ని చులకన చేయడం కూడా సరికాదు. పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ స్థాయి, కాన్ఫిగరేషన్ అన్నీ ఆ విమానానికి సరిపోవాలి. ట్రాన్స్‌పాండర్ (ఇది ఏ విమానమో రాడార్‌కు చెప్పే పరికరం) ప్రసారం చేసే 24 బిట్ల చిరునామా విమానానిదే తప్ప బాక్సుది కాదు కాబట్టి, మార్చిన తర్వాత సరైన చిరునామా వెళ్తోందో లేదో టెస్ట్ సెట్‌తో చూడాలి. ఇక పాత విమానాల్లో వైర్ల కట్టలను అవసరం లేకుండా కదిలిస్తే, ఎండిపోయిన ఇన్సులేషన్ పగిలి, లేని లోపాన్ని మనమే తెచ్చిపెట్టినవాళ్లమవుతాం.

కల్వకుర్తి ఏవియానిక్స్:

గేటు దగ్గరి ఒత్తిడిని నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే విమానం సమయానికి లేవడం వేరు, లోపం పోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లనే బాక్సు మారిస్తే పని అయిపోయిందనే అభిప్రాయం బలపడింది.

వీహెచ్ఎఫ్ రేడియో 118 నుంచి 136.975 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎమ్ పద్ధతిలో పనిచేస్తుంది. బాక్సు ఎంత కొత్తదైనా దాని శక్తి కోయాక్స్ కేబులు గుండా యాంటెన్నాకు చేరాలి, ఆ యాంటెన్నాకు విమానపు రేకు నేలగా (గ్రౌండ్‌గా) పనిచేయాలి. పొట్ట కింద ఉన్న యాంటెన్నాను ఒకసారి విప్పి చూడండి. బయటి రంగు చెక్కు చెదరదు. అడుగున, రేకుకు ఆనే చోట, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంటుంది, కనెక్టరు అంచు మీద పచ్చటి పొర కడుతుంది. క్యాబిన్‌లోని తేమ చల్లని రేకు మీద నీరై కిందికి జారి, సీలెంట్ చీలిన చోట నిలవడమే దీనికి కారణం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వారి ఏసీ 43.13-1బీ మార్గదర్శిక ప్రకారం ఒక బాండింగ్ అతుకు (లోహ భాగాలను విద్యుత్తు పారేలా కలిపే చోటు) నిరోధం 0.003 ఓమ్ దాటకూడదు. మామూలు మల్టీమీటర్ తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి, మిల్లీ ఓమ్ మీటర్ పట్టుకుంటే తప్ప ఆ అతుకు చెడిందన్న సంగతి బయటపడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ర్యాక్‌లోంచి పాత బాక్సును లాగి కొత్తదాన్ని నెట్టినప్పుడు వెనుక కనెక్టరులోని పిన్నులు సాకెట్లలో రాసుకుంటాయి, వాటి మీద పేరుకున్న సన్నని పొర చెరిగిపోతుంది, రేడియో బాగా పలుకుతుంది. లాగ్‌లో "బాక్సు మార్చడమైనది, పరీక్ష సంతృప్తికరం" అని పడుతుంది. తీసిన బాక్సు మరమ్మతు షాపుకు వెళ్తుంది. అక్కడి బెంచి మీద పైకి ఎగిరినప్పటి చలీ ఉండదు, కుదుపూ ఉండదు. లోపం కనబడలేదన్న కాగితంతో అది తిరిగొచ్చి మరో విమానానికి ఎక్కుతుంది. మొదటి విమానంలో కొద్ది రోజులకు అదే గరగర మొదలవుతుంది. బాక్సు మార్చాక లోపం పోయినంత మాత్రాన బాక్సే చెడిందని రుజువు కాదు, మార్చే క్రమంలో కనెక్టరు కూడా కదిలింది కదా.

లైసెన్సు నిబంధన కూడా ఈ తేడాను గుర్తించింది. మన దేశపు లైసెన్సు నిబంధన కార్-66 ప్రకారం బీ-1 ఇంజనీరు ఏవియానిక్స్ పనిని ధ్రువీకరించాలంటే, అది సాదా పరీక్షతో పనితీరు తేలేదై ఉండాలి, ట్రబుల్‌షూటింగ్ అవసరం లేనిదై ఉండాలి. మీ బంధువు గారు మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేశారు. అదే స్నాగ్ రెండోసారి వచ్చిందంటే కారణం వెతకక తప్పదు, ఆ వెతకడమే బీ-2 పని.

జడ్చర్ల హ్యాంగర్:

అన్నా, ఇంత వాదన అవసరం లేని ఉపాయం ఒకటుంది కదా. ఒకటో వీహెచ్ఎఫ్ బాక్సును రెండో స్థానంలోనూ, రెండో దాన్ని ఒకటో స్థానంలోనూ పెట్టి చూడాలి. లోపం బాక్సుతో పాటు కదిలితే బాక్సుది, ఉన్నచోటే ఉంటే వైరుదో యాంటెన్నాదో. కొత్త బాక్సు ఖర్చు ఉండదు, నిజం తెలుస్తుంది.

కల్వకుర్తి ఏవియానిక్స్:

తమ్ముడూ, లోపం నిలకడగా ఉన్నప్పుడు అది మంచి పద్ధతే, నేనూ వాడతాను. కానీ వచ్చిపోయే లోపానికి అది పనికిరాదు, ఎందుకంటే రెండు బాక్సులనూ లాగి పెట్టిన మరుక్షణం రెండు కనెక్టర్లూ తాజా అవుతాయి, లోపం ఎటూ కదలకుండా మాయమవుతుంది. అందుకే లాగకముందే చూడవలసినవి చూడాలి: యాంటెన్నా నుంచి రేడియో శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోంది, బాండింగ్ విలువ ఎంత ఉంది. లాగిన తర్వాత సాకెట్లలోకి టార్చి వేసి, ఏదైనా పిన్ను తక్కినవాటి కంటే వెనక్కి జారిందేమో చూడాలి. జారిన పిన్ను పక్కనుంచి చూస్తే కనబడదు, ఎదురుగా చూడాలి. ఈ కొలతలు లాగ్‌లో అంకెలతో సహా రాస్తే తర్వాతి షిఫ్టు వారికి దారి దొరుకుతుంది. "సంతృప్తికరం" అన్న ఒక్క మాట వల్ల వారికి ఏమీ తెలియదు.

ఇదంతా పెద్ద విమానాలకే పరిమితం అనుకోవద్దు. నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ వైపు చిన్న శిక్షణ విమానాలు ఎగరడం నల్గొండ వాళ్లు చూసే ఉంటారు. పాత తరం శిక్షణ విమానాల్లో లోపాన్ని తెర మీద చూపే కేంద్ర కంప్యూటర్ ఉండదు. మన దగ్గర వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో నిలబెట్టిన విమానంలో ప్యానెల్ వెనుక వేడి ఇంకా ఎక్కువ. పొద్దున పనిచేసిన రేడియో మధ్యాహ్నం మొరాయించి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ పలికితే, వేడికి విడిపోతున్న సోల్డర్‌నో, వదులైన క్రింప్‌నో (తీగను పిన్నులో నొక్కి బిగించిన అతుకునో) వెతకాలి గాని బాక్సుల కోసం స్టోర్‌కు పరుగెత్తడం కాదు.

శంషాబాద్ లైన్:

కల్వకుర్తి గారూ, మీ వాదన వింటే బాక్సులు ఎన్నడూ చెడవేమో అనిపిస్తోంది. 2014 డిసెంబరు 28న జావా సముద్రంలో కూలిన ఎయిర్ఏషియా క్యూజడ్8501 విషయం గుర్తు చేస్తాను. అందులో 162 మంది మరణించారు. రడ్డరు (తోకలోని చుక్కాని) కదలికను పరిమితం చేసే యూనిట్ ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌లో సోల్డర్ అతుకు పగిలిందని ఇండోనేషియా దర్యాప్తు తేల్చింది. అంతకు ముందు 12 నెలల్లో ఆ వ్యవస్థలో లోపం 23 సార్లు నమోదైంది. అక్కడ చెడింది బాక్సు లోపలే, వైరు కాదు. ముందే మార్చి ఉంటే ఆ పగులు ఆ విమానంలో ఉండేదే కాదు.

కల్వకుర్తి ఏవియానిక్స్:

మంచి ఉదాహరణే ఇచ్చారు, అయితే అది మీ వైపు ఎంత మొగ్గుతుందో నా వైపూ అంతే మొగ్గుతుంది. అక్కడ పదే పదే జరిగింది కంప్యూటర్‌ను రీసెట్ చేయడం, పరీక్ష నడిపి పాస్ అయిందని చూడటం. లోపాలు మధ్య వ్యవధి తగ్గుతూ తిరిగొస్తున్నా, వాటన్నింటినీ ఒక్క వరుసలో పెట్టి చూసే ఏర్పాటు లేకపోయింది. బాక్సులు చెడవని నేను అనలేదు. బాక్సో వైరో తేల్చకుండా సంతకం చేయకూడదనే అంటున్నాను.

వైరును పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో కూలిన స్విస్ఎయిర్ 111లో 229 మంది పోయారు. కాక్‌పిట్ పైకప్పు వెనుక వైరులో పుట్టిన ఆర్క్ (విద్యుత్ మెరుపు) అక్కడి ఇన్సులేషన్ దుప్పట్లకు అంటుకుందని దర్యాప్తు చెప్పింది. ఇటువంటి ప్రమాదాల తర్వాతనే వైరింగ్‌ను కేవలం తీగల కట్టగా కాకుండా ఒక వ్యవస్థగా పరిగణించి తనిఖీ చేయాలని ఎఫ్ఏఏ 2007లో నిబంధన తెచ్చింది. వైర్లను అనవసరంగా కదిలించవద్దన్న మీ హెచ్చరిక మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. చూడటానికి అద్దం, టార్చి చాలు, ప్రతి కట్టనూ విప్పనక్కరలేదు.

మిర్యాలగూడ నాన్న:

మీ ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. చదువుకు పట్టే కాలం విషయంలో మా బంధువు చెప్పింది సరేనా? కాలేజీలో ఏమడగాలో కూడా ఎవరైనా చెబితే మేలు.

కల్వకుర్తి ఏవియానిక్స్:

కాలంలో తేడా లేదండీ. జెట్‌ల వంటి టర్బైన్ ఇంజన్ విమానాల బీ-1.1కైనా, బీ-2కైనా కార్-147 (శిక్షణ సంస్థల నిబంధన) అనుమతి ఉన్న సంస్థలో కోర్సు పూర్తి చేస్తే తర్వాత 2 సంవత్సరాల అనుభవం అడుగుతారు, సంబంధిత సాంకేతిక శిక్షణ ఏదీ లేకుండా వస్తే 5 సంవత్సరాలు. ప్రతి మాడ్యూల్‌లోనూ 75 శాతం రావాలి. కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూడకండి, వర్క్‌షాప్ చూడండి. పిల్లలు తమ చేతులతో కనెక్టరు క్రింప్ చేస్తారా, క్రింప్ చేసిన పిన్నుకు ఉండే చిన్న రంధ్రంలో తీగ కనబడుతోందో లేదో చూడటం, లాగి పరీక్షించడం నేర్పుతారా అని అడగండి. పని చేసే రేడియో టెస్ట్ సెట్ ఉందా, లేక గాజు బీరువాలో పెట్టి తాళం వేశారా అన్నది కూడా చూడండి.

జడ్చర్ల హ్యాంగర్:

దేవరకద్ర దగ్గర విమానాశ్రయం ప్రతిపాదన మేం ఏళ్లుగా వింటూనే ఉన్నాం. అది వచ్చేదాకా మన పిల్లలు అనుభవం కోసం శంషాబాద్ వైపే చూడాలి కాబట్టి, కోర్సు తర్వాత ఆ 2 సంవత్సరాల అనుభవం ఎక్కడ ఇప్పిస్తారో కాలేజీ వాళ్లను కాగితం మీద రాసి ఇమ్మనండి బాబాయ్. చాలామంది ఆగిపోయేది అక్కడే.

శంషాబాద్ లైన్:

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ప్రయాణికులు ఎక్కి కూర్చున్న విమానంలో మొదటిసారి వచ్చిన స్నాగ్‌కు నేను రేపు కూడా బాక్సే మారుస్తాను. అదే నంబరు విమానం లాగ్‌లో అదే స్నాగ్ రెండోసారి కనబడితే మాత్రం రాత్రి ఆగినప్పుడు దాన్ని బీ-2కు అప్పగించి, కనెక్టరు, కేబులు, యాంటెన్నా కొలతలు రాసేదాకా వదలకూడదన్న మాటకు ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి షిఫ్టులో బీ-2 ఉండేలా చూడవలసింది మాత్రం మేమిద్దరం కాదు, ప్లానింగ్ వాళ్లు.