మ్యాక్ కొన్నాక కూడా విండోస్ సౌండ్ ఫోర్జ్‌ని పట్టుకుని వేలాడాలా?

వడపళని కత్తెర:
డబ్బింగ్ సీరియళ్ళ ఆడియో శుభ్రం చేయడం నా పని. ఊపిరి చప్పుళ్ళు, నోటి చిటపటలు, ఫ్యాన్ హోరు తీసి పంపాలి. మొన్న ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకున్నా, ర్యామ్ 8 జీబీ. నా చేతికి అలవాటైంది మాత్రం విండోస్‌లో నడిచే ఆడియో ఎడిటర్ సౌండ్ ఫోర్జ్, అదీ పాత 32 బిట్‌ది. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ వేసుకుని అదే నడుపుకో అని ఒకరు, డబ్బు దండగ అని ఒకరు. మీరేమంటారు?

ఓఎంఆర్ కోడర్:
నడుపుకో అన్నా. మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ సంగతి మర్చిపో, అది ఇంటెల్ మ్యాక్‌లకే. 2020లో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చినప్పటి నుంచీ ఆ దారి మూసేశారు. ప్యారలల్స్‌లో ఆర్మ్ విండోస్ 11 (ఎం చిప్‌ల్లాంటి ఆర్మ్ రకం చిప్‌లకి చేసింది) నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో అధికారికంగానే ఒప్పుకుంది. పాత ఇంటెల్ ప్రోగ్రాములు, 32 బిట్‌వి కూడా, ఆ విండోసే లోపల మార్చుకుని నడుపుతుంది.

సాలిగ్రామం మైక్:
ప్రోగ్రాం నడుస్తుంది సరే, సౌండ్ కార్డ్ మాట చెప్పవేం? విండోస్ మార్చుకునేది ప్రోగ్రాములనే, డ్రైవర్లను కాదు. కార్డ్ కంపెనీ ఆర్మ్‌కి విడిగా డ్రైవర్ ఇవ్వకపోతే నీ ఆసియో (కార్డ్‌తో పెద్ద ఆలస్యం లేకుండా నేరుగా మాట్లాడే దారి) కథ కంచికే. అప్పుడు శబ్దం విండోస్ నుంచి ప్యారలల్స్ నకిలీ కార్డ్‌కి, అక్కడి నుంచి మ్యాక్ సౌండ్ వ్యవస్థ కోర్ ఆడియోకి, ఆపైన హెడ్‌ఫోన్‌కి చేరాలి. ప్రతి మజిలీలోనూ కాస్త ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ళ బఫర్ (ఒక్కసారికి పోగేసి పంపే శబ్దం ముక్క) అంటేనే 5 మిల్లీసెకన్ల పైచిలుకు. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇన్ని చేతులు మారితే ఎక్కడ తేలుతుందో నువ్వే చూసుకో.

ఓఎంఆర్ కోడర్:
ఆయన రికార్డింగ్ అన్నాడా? ఎడిటింగ్ అన్నాడు. కోత పెట్టేది తెరమీద వేవ్‌ఫామ్ చూసి. శబ్దం కాస్త ఆలస్యంగా వినబడితే కొంప మునిగిపోదు.

కోడంబాక్కం గొంతు:
మైకు ముందు నిలబడేదాన్ని నేను, కాబట్టి ఒక మాట. ఎడిటర్‌గారి దగ్గర ఒక్కోసారి రెండు మూడు మాటలు మళ్ళీ చెప్పించి అతికే ప్యాచ్ రికార్డింగ్ కూడా పడుతుంది, మీ అందరికీ తెలిసిందే. తమిళ పాత్ర పెదవులు కలిసే చోటు చూసి మేం ప, బ, మ పడేలా మాట సర్దుకుంటాం. 24 ఫ్రేములకి ఒక్క ఫ్రేము అంటే దాదాపు 42 మిల్లీసెకన్లు. రెండు ఫ్రేములు జరిగిందంటే "అమ్మా" అన్నప్పుడు తెరమీద నోరు తెరుచుకుని ఉంటుంది. పైగా నా గొంతే నాకు వెనకబడి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తే మాట తడబడుతుంది. ప్యాచ్‌లకి మాత్రం ఆ ఏర్పాటు వద్దండీ.

మైలాపూర్ రీపర్:
గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వీటికోసం ఒక విండోస్ మొత్తం మోయాలా? రీపర్ అనే ఆడియో ఎడిటర్ నేరుగా మ్యాక్‌లో నడుస్తుంది, 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, షార్ట్‌కట్లు మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. అదీ వద్దంటే ఆడాసిటీ పూర్తిగా ఉచితం. వేవ్ ఫైలుకి మ్యాకైనా విండోసైనా ఒకటే.

వడపళని కత్తెర:
ఫైళ్ళు వస్తాయి తమ్ముడూ, ప్లగిన్లే రావు. నా హోరు తీసే సెట్టింగులన్నీ డైరెక్ట్ఎక్స్ ప్లగిన్లలో, అంటే ఎడిటర్‌కి తగిలించే విండోస్ రకం అదనపు పనిముట్లలో ఉన్నాయి. మ్యాక్ రీపర్ వాటిని ముట్టుకోదు. రాత్రికి ఎపిసోడ్ పంపాల్సినవాడికి కొత్తది నేర్చుకునే తీరిక ఎక్కడిది?

అడయార్ వైన్:
విండోస్ వేయకుండానే దాని ప్రోగ్రాముల్ని మ్యాక్‌లో నడిపే క్రాస్ఓవర్ చూశావా? విండోస్ లైసెన్స్ అక్కర్లేదు.

సాలిగ్రామం మైక్:
క్రాస్ఓవర్ ఆడేది ఇంటెల్ ప్రోగ్రాముల్ని ఎం చిప్‌కి మార్చి నడిపే ఆపిల్ వాళ్ళ రోజెట్టా మీద. రోజెట్టా పూర్తిస్థాయిలో మాక్ఓఎస్ 27 వరకేనని 2025లోనే చెప్పేశారు. రోజూ కూడుపెట్టే పనిని దాని మీద పెట్టుకోమని నేను చెప్పను.

ఓఎంఆర్ కోడర్:
ప్యారలల్స్ వేస్తే ఒక జాగ్రత్త. ఉన్న 8 జీబీలో విండోస్ 11కి కనీసం 4 ఇవ్వాలి, మిగతాదాంతో మ్యాక్ సర్దుకోవాలి. చెన్నై రిచీ స్ట్రీట్ కంప్యూటర్ కొట్లు మొత్తం తిరిగినా ఇందులో ర్యామ్ వేసేవాడు దొరకడు, చిప్‌తోపాటే బిగించేశారు. క్రోమ్ మూసేసి కూర్చో. ఆడియో ఫైళ్ళని మ్యాక్ షేర్డ్ ఫోల్డర్లో పెట్టి తెరవకు. సౌండ్ ఫోర్జ్ ప్రతి ఫైలు పక్కనా ఎస్‌ఎఫ్‌కే అని వేవ్‌ఫామ్ గీయడానికి పీక్ ఫైలు రాస్తుంది కదా, టెంపరరీ ఫైళ్ళు వేరే. అవన్నీ ఆ దారిన వెళ్తే నత్తనడకే. ఫైలు సీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పనయ్యాక బయటికి తీసుకో.

వడపళని కత్తెర:
ఇది పనికొచ్చే మాట. 14 రోజుల ట్రయల్ ఉందిగా, ఈ వారం ఎపిసోడ్ అందులోనే చేస్తా. కోడంబాక్కం మేడమ్ అన్నట్టు ప్యాచ్‌లు మాత్రం పాత పీసీలోనే.

సాలిగ్రామం మైక్:
అలాగైతే ఆ పీసీని అమ్మేయకు. అందులో సౌండ్ ఫోర్జ్ లైసెన్స్ తీసేసే ముందు, కొత్త విండోస్‌లో యాక్టివేషన్ అవుతుందో లేదో చూసుకో. పాత వెర్షన్ కదా.