అప్‌డేట్: మాంటెరే తీరంలో అమ్మగారి ఎలక్ట్రిక్ సైకిల్ ప్రయాణం

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో గైడు వెంట ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కగలరా అని ఇదివరకు అడిగాను. ఏప్రిల్‌లో వెళ్లాము, ఆవిడ హాయిగా తొక్కారు. పాత సదరన్ పసిఫిక్ రైలు మార్గం మీదే అక్కడి సైకిల్ బాట వేశారు కనుక ఎత్తుపల్లాలు చాలా తక్కువ, పైగా పెడల్ కదిలించగానే మోటారు అందుకుంటుంది. హాప్కిన్స్ మెరైన్ స్టేషన్ అనే సముద్ర జీవుల పరిశోధనా కేంద్రం కంచె దగ్గర ఆగినప్పుడు, ఇసుకలో ఒక సీల్ పిల్ల తల్లి పొట్టను మూతితో పొడుస్తూ పాలు వెతుక్కోవడం చూసి అమ్మ అక్కడి నుంచి కదలనే లేదు. లవర్స్ పాయింట్ అనే చోటు తరువాత కార్లు తిరిగే రోడ్డు, ఎదురుగాలి. గైడు అమ్మ వెనుకనే వచ్చారు. పెద్దవారిని తీసుకెళ్లేవారు అడ్డకడ్డీ లేని సైకిలే అడగండి, ఎలక్ట్రిక్ సైకిల్ బరువు ఎక్కువ కనుక వారు దిగేటప్పుడు దాన్ని పట్టుకోండి.