గృహ్ణతేనా, గృహ్ణీతేనా?

హెబ్బాళ నుంచి: మా తాతగారు పొద్దున్నే గొణుక్కునే ముక్క రెండ్రోజులుగా నన్ను వదలట్లేదు. "యథోర్ణనాభిః సృజతే గృహ్ణతే చ." సాలీడు (ఊర్ణనాభి) దారాన్ని వదిలి (సృజతే), మళ్లీ తనలోకి తీసుకున్నట్టు (గృహ్ణతే) అని అర్థం. సాలీడు శుక్రకణాల మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. కణం ముందు తోకతో పొడుగ్గా సాగుతుంది. చివర్లో ఆ తోకే కేంద్రకానికి చుట్టుకుని, పైన పొర కప్పుకుని కదలకుండా ఉండిపోతుంది. ఆడసాలీడు ఒంట్లోకి చేరాకే విప్పుకుంటుంది. ఈ ముడుచుకోవడానికి గృహ్ణతేలోంచి మాట తీయొచ్చా?

బసవనగుడి నుంచి: ముందు పాఠం సరిచూసుకోమ్మా. ఆత్మనేపదంలో, అంటే పని ఫలం చేసినవాడికే చెందే క్రియారూపంలో, ఏకవచనం గృహ్ణీతే. గృహ్ణతే బహువచనం. ఒక్క సాలీడుకి బహువచనమేమిటి?

మల్లేశ్వరం నుంచి: ముండకోపనిషత్తులో గృహ్ణతే అనే ఉంది మాస్టారూ, ఆర్షప్రయోగం, వ్యాకరణానికి లొంగని ఋషుల వాడుక. ఈకారం పెట్టి ఉపనిషత్తును దిద్దుతామా?

జయనగర్ నుంచి: ఊర్ణనాభి దాకా ఎందుకండీ, మన ధూర్జటి ఉన్నాడుగా! "ఏ వేదంబు పఠించె లూత?" శ్రీకాళహస్తిలో శ్రీ అంటే ఆ సాలీడే. పఠించె అన్న పెద్ద మాట పక్కనే లూత, రెండక్షరాల పురుగు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నా గొంతు పట్టేస్తుంది. తర్వాత పాము, ఏనుగు, చెంచు వస్తారు కానీ పద్యం ఎత్తుకున్నది పురుగుతోనే.

మల్లేశ్వరం నుంచి: మా వీధి పిల్లలు సాలీడుని జేడ అంటారు. కన్నడంలో జేడ అంటే నేతగాడు కూడా, నేతపని చేసిన వచనకవి జేడర దాసిమయ్య గుర్తున్నాడుగా. మన సాలె కూడా అంతే. అందుకని నేతమాటే వాడండి, కండె. కండెకి నూలు చుట్టినట్టే కేంద్రకానికి తోక. కండెశుక్రం!

హెబ్బాళ నుంచి: కండె బాగుందండీ. కానీ అన్నిట్లో ఒక్కో కణానికి ఒక్కో తొడుగు ఉండదు. కొన్ని జాతుల్లో విడివిడిగా చుట్టుకున్న బోలెడు కణాలకి ఒకటే తొడుగు. ఇంకొన్నిట్లో కణాలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడేమనాలి? ఇంకోటి. మగసాలీడు చిన్న వల అల్లి, దానిమీద శుక్రపు బొట్టు వదిలి, ఆ బొట్టునే మూతి పక్కనున్న చిన్న కాళ్లలాంటి పాల్ప్‌లలోకి పీల్చుకుంటుంది. సృజతే, గృహ్ణతే!

బసవనగుడి నుంచి: చూశారా, తనలోకి తానే తీసుకుంటోంది. ఆత్మనేపదం సరిగ్గా అతికింది. అంచేత గృహ్ణీతే. మా నాన్నగారి తాళపత్రప్రతి అటక మీదుంది, ఆదివారం దించి చూస్తాను.

జయనగర్ నుంచి: దించాక ఊర్ణనాభిః అనుందో, ఊర్ణనాభః అనుందో కూడా చూడండి.