బ్యారన్ దీవి దగ్గర స్కూబా: రుషికొండ అనుభవం సరిపోతుందా?

ప్రశ్న (మర్రిపాలెం నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు నలభై ఆరు. గత ఫిబ్రవరిలో రుషికొండ దగ్గర శిక్షకుడు వెంట ఉండగా రెండుసార్లు స్కూబా చేశాను. నీళ్లు మసకగా ఉండి చాచిన నా చేతివేళ్లే సరిగా కనిపించలేదు. అయినా రాతిని కరచుకున్న ఆల్చిప్పల మీదుగా ఒక చేపల గుంపు ఒక్కసారిగా మలుపు తిరగడం చూసిన నాటి నుంచి అసలైన పగడపు దిబ్బను చూడాలన్న కోరిక పట్టుకుంది. జనవరిలో అండమాన్ వెళ్లి, స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో ఒక రోజు, పడవలో బ్యారన్ దీవికి వెళ్లి అక్కడ రెండు రోజులు డైవ్ చేసి, మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కాలనుకుంటున్నాను. ఇందులో లోపం ఏమైనా ఉందా? మన తీరంలో అలాంటి దిబ్బలు ఎందుకు లేవన్నది రెండో సందేహం.

సమాధానం (పెదవాల్తేరు నుంచి)

లోపాలు రెండున్నాయండి. శిక్షకుడు చెయ్యి పట్టుకుని దించిన డైవ్‌లకు సర్టిఫికెట్ రాదు. ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసినా అనుమతించే లోతు 18 మీటర్లే. బ్యారన్ మన దేశంలో రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం. నీటి కింద దాని వాలు నిట్టనిలువుగా దిగిపోతుంది, నీరు తేటగా ఉండటం వల్ల లోతు అంచనాకు అందదు. చేపను చూస్తూ చూస్తూ 30 మీటర్లకు జారిపోతే అక్కడి ఒత్తిడి ఉపరితలం కంటే నాలుగు రెట్లు, సిలిండర్‌లోని గాలి కూడా అంతే వేగంగా ఖర్చవుతుంది.

రెండోది విమానం. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. గోలీ సోడా మూత నొక్కగానే బుడగలు పొంగినట్టు, ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే అది కీళ్లలోనూ నరాల్లోనూ బుడగలు కడుతుంది. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన. నేనైతే పూర్తిగా ఒక రోజు ఆగుతాను.

అన్నిటికన్నా ముఖ్యం దూరం. బుడగల జబ్బుకు చికిత్స చేసే ఒత్తిడి గది శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రిలో ఉంది. బ్యారన్ నుంచి అది సుమారు 140 కిలోమీటర్లు, పడవలో గంటల ప్రయాణం. కాబట్టి ‘మారుమూల దిబ్బ’ అంటే నా దృష్టిలో లోతైనదని కాదు, వైద్యానికి దూరమైనదని. జలుబుతో ఉన్నా డబ్బు కట్టేశానన్న మొండితనంతో ఒకసారి నీళ్లలోకి దిగాను. నాలుగు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టయింది, ఆ చెవి దిబ్బడ వదలడానికి రెండు వారాలు పట్టింది. తీరం పక్కనే ఉంది గనక సరిపోయింది.

సమాధానం (భీమిలి నుంచి)

రెండో సందేహానికి నా జవాబు. పగడపు జీవుల కణజాలంలో సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించని నాచు లాంటివి ఉంటాయి, ఆహారంలో ఎక్కువ భాగం అవే సమకూరుస్తాయి. వాటికి ఎండ కావాలి. గోదావరి, మహానది వంటి నదులు తెచ్చే బురద, మంచినీరు మన సముద్రాన్ని మసకబార్చి ఉప్పదనం తగ్గించడం వల్ల ఇక్కడ పెద్ద దిబ్బలు ఎదగవు. మీకు వేళ్లు కనిపించకపోవడానికీ నీటిలో తేలే ఆ మన్నే కొంత కారణం. అక్కడికి వెళ్లాక ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకండి. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితం, ఒడ్డున పడి ఉన్న ఎండు ముక్క తెచ్చినా నేరమే.

ప్రశ్న అడిగినవారి స్పందన

ధన్యవాదాలు. బ్యారన్‌ను ఈసారికి వదిలేసి, స్వరాజ్ ద్వీప్‌లో నాలుగు రోజులు కోర్సు చేసి, ఒక రోజు ఒడ్డున ఊరికే తిరిగి వస్తాను. తిరుగు ప్రయాణం విశాఖ ఓడలో అయితే ఆ నిరీక్షణ కూడా అక్కర్లేదా?

సమాధానం (పెదవాల్తేరు నుంచి)

ఓడ సముద్రమట్టంలోనే పోతుంది గనక నత్రజని బాధ లేదండి. ప్రయాణం మాత్రం దాదాపు రెండున్నర రోజులు, పైగా ఆ ఓడ తరచుగా ఉండదు. ముందు దాని తేదీ తెలుసుకుని, తర్వాత కోర్సు తేదీ పెట్టుకోండి.