నేటాల్ వెళ్ళిన ముత్తాతగారి అన్న: ఓడ జాబితాలోని మనిషి ఆయనేనా?

ప్రశ్న: నమస్కారం. మాది చీపురుపల్లి ప్రాంతం. మా ముత్తాతగారి అన్న అప్పలస్వామి కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళి తిరిగి రాలేదని మా నాయనమ్మ చెప్పేది. ఇటీవల డర్బనులోని ఒక కుటుంబంవారు తమ పూర్వీకుడి ఓడ జాబితా (ఓడలో వెళ్ళిన కూలీల వివరాల పట్టిక) నకలు పంపించారు. అందులో పేరు ‘అప్పల్‌సామి’, తండ్రి రామన్న, జిల్లా విశాఖపట్నం, తాలూకా ‘సిపరపల్లి’ అని ఉన్నది. ఊరు మాత్రం ‘కరవడి’ అని ఉన్నది. నాకు తెలిసిన కరవడి ఒంగోలు దగ్గరిది. ఇంటిపేరు ఎక్కడా లేదు. ఇద్దరూ ఒకరేనని ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అయ్యా, కరవడిని ఒకసారి మీ చీపురుపల్లి దగ్గరి గరివిడిగా చదివి చూడండి. కూలీలు నోటితో చెప్పిన ఊరి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు, దానిని మనం మళ్ళీ తెలుగులోకి తెచ్చుకుంటున్నాం కనుక, ప్రతి పేరునూ నాలుగు విధాలుగా పైకి పలికి చూడవలసిందే. ‘సిపరపల్లి’ అంటే చీపురుపల్లే, తాలూకా కలిసింది కాబట్టి ఒంగోలు వైపు పోనక్కరలేదు. నేటి విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. ఆనాడు మీ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే.

ఇంటిపేరు లేదని దిగులు పడకండి. ఆ జాబితాలలో పేరు, తండ్రి పేరు, కులం రాశారే గాని ఇంటిపేరు రాయలేదు. అక్కడ పుట్టిన తరాలకు పూర్వీకుడి పేరో, కులం పేరో ఇంటిపేరుగా నిలిచిపోయింది. మీరు పట్టుకోవలసినది ఆయన వలస నంబరు, అంటే జాబితాలో ఒక్కొక్క కూలీకి ఇచ్చిన నంబరు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బను చేరిన నాటి నుంచి 1911 వరకు నేటాల్ వెళ్ళిన సుమారు 1,52,000 మందికీ ఇటువంటి నంబర్లు ఉన్నాయి. ఆ నంబరు చెబితే డర్బనులోని గాంధీ-లుథూలీ డాక్యుమెంటేషన్ కేంద్రంలో జాబితాను సరిచూసుకోవచ్చు.

ఒక్క పేరుతో ఆగకండి. ముందూ వెనుకా ఉన్న పది నంబర్లూ చూడండి. ఒకే ఊరివారు తరచుగా కలిసి బయలుదేరేవారు కనుక పక్క పేర్లలో మీ ఊరివారు కనిపించవచ్చు. మా వంశంలో ఇలాగే జరిగింది: మా మనిషి పేరు గుర్తు పట్టలేనంతగా మారిపోయినా, తరువాతి నంబరులో మా పక్కింటివారి పూర్వీకుడు, తండ్రి పేరుతో సహా, స్పష్టంగా దొరికాడు. ఒంటి మీది గుర్తులు రాసి ఉంటే, మీ నాయనమ్మగారు చెప్పిన మాటలతో పోల్చండి.

ప్రశ్న: కృతజ్ఞతలండీ. ఇక్కడి భూమి రికార్డులలో ఆయన పేరు ఉంటుందా?

జవాబు: ఆశ తక్కువ. మీ వైపు ఊళ్ళు చాలావరకు జమీందారీలోవి; 1948 ఎస్టేటుల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగలే (సర్వే నంబర్ల వారీ భూమి రిజిస్టరు) అక్కడ ముఖ్యమైన ఆధారం. అందులో ఆయన పేరు కాక, ఇక్కడే ఉండిపోయిన తమ్ముడి సంతానం పేర్లు దొరుకుతాయి. మనవడికి తాత పేరు పెట్టుకోవడం మన ఆచారం గనుక ‘రామన్న’ మళ్ళీ కనిపిస్తుందేమో చూడండి. మీ కులానికి పిచ్చుకుంట్లవారు ఉంటే, వారు చెప్పే వంశావళిని కూడా విని రాసుకోండి. డర్బనువారి నుంచి నంబరు రాగానే పక్క పేర్లన్నీ ఇక్కడ పెట్టండి, ఊళ్ళ పేర్లు కలిసి చదువుదాం.