నత్రజని తీసేసి ఆటోఫేజీని (కణం తన భాగాల్నే అరిగించుకోవడాన్ని) ఆపితే నూనె పెరగాలి కదా, తగ్గుతోందేం?

బరంపురం_నాచు: క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచులో సీసీ-125 రకాన్ని నత్రజని లేని టాప్ మీడియాలోకి (నాచు పెంచే పోషక ద్రావణంలోకి) మార్చాం. 48 గంటలకి నూనెకి అంటి మెరిసే రంగు నైల్ రెడ్‌తో నూనె చుక్కలు బాగానే కనిపించాయి. మార్చినప్పుడే 0.1 మైక్రోమోలార్ కాంకనామైసిన్-ఎ (ఆటోఫేజీని ఆపే మందు) వేసిన ఫ్లాస్కులో మాత్రం చుక్కలు తక్కువ. ఆటోఫేజీ నూనెని తినేస్తుందనుకుంటే, ఆపినప్పుడు పెరగాలి కదండీ? ఇంకోటి, నత్రజని ఉన్న కంట్రోల్ కూడా అప్పుడప్పుడు మెరుస్తోంది. ఇక్కడ మే నెల, కరెంటు పోతే ఏసీ కూడా పోతుంది.

పర్లాకిమిడి_వాక్యూల్: ఫలితం సరైనదే, ఊహే తిరగబడింది. ఆకలి మొదట్లో ఆటోఫేజీ నూనెకి ముడిసరుకు అందిస్తుంది. విభజన ఆగిపోయాక కణం రైబోజోముల్ని, పాత పొరల్ని అరుగుదల సంచి అయిన వాక్యూల్‌కి పంపి అరిగించుకుని, వచ్చినదాన్ని మళ్లీ వాడుకుంటుంది. కాంకనామైసిన్ వాక్యూల్ పొరలోని ప్రోటాన్ పంపుని ఆపుతుంది. లోపల ఆమ్లత్వం పోతే అరుగుదల ఆగుతుంది, రైబోజోమ్ ప్రోటీన్లు అలాగే మిగిలిపోతాయి. నత్రజని కొరతైనా, భాస్వరం కొరతైనా ఈ మందు వేస్తే నూనె తయారీ తగ్గుతుందని 2018లోనే క్లామిడోమోనాస్‌లో చూపించారు.

నూనె కరగడం వేరే దశ. అది చూడాలంటే 48 గంటలు చుక్కలు కట్టనిచ్చి, 7.5 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్ తిరిగి ఇచ్చి, మందు అప్పుడు వేయండి. లైపేజులు (కొవ్వుని విడగొట్టే ఎంజైములు) కూడా కరిగిస్తాయి కాబట్టి అంతా ఆటోఫేజీ ఖాతాలో వేయకండి. నైట్రేట్ ఇస్తే మాత్రం లాభం లేదు, సీసీ-125 దాన్ని వాడుకోలేదు.

రాయగడ_ఫ్లాస్క్: కంట్రోల్ మెరుపుకి నా మొదటి అనుమానం వేడి మీదే. వేడి దెబ్బ తగిలితే నత్రజని ఉన్నా నూనె కడుతుంది. 25 డిగ్రీలు నిలబడని రోజు ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కడగడం కూడా చూసుకోండి. మిల్లీలీటరుకి 20 లక్షల కణాలున్నప్పుడు తీసి, 2000 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, నత్రజని లేని మీడియాతో రెండుసార్లు కడగాలి. అమ్మోనియం క్లోరైడ్ బదులు అంతే పొటాషియం క్లోరైడ్ (లీటరుకి 0.56 గ్రాములు) వేయాలి. మిల్లీలీటరు కల్చర్‌కి నైల్ రెడ్ 1 మైక్రోగ్రాము, చీకట్లో 10 నిమిషాలు. రంగు వేయని కణాల రీడింగ్ తీసేయడం మర్చిపోవద్దు. భాగించేది కణాల సంఖ్యతోనే. ఆకలిలో క్లోరోఫిల్ పడిపోతుంది, దానితో భాగిస్తే లేని నూనె ఉన్నట్టు కనిపిస్తుంది.

సిరొంచ_జెల్: చుక్కలు చూసి ఆటోఫేజీ మీద తీర్పు చెప్పలేం. 15 శాతం జెల్ మీద ఏటీజీ8 అనే ఆటోఫేజీ ప్రోటీన్‌కి బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గుర్తించే పరీక్ష) చేయండి, కొవ్వు అంటుకున్న రూపం కిందికి దిగుతుంది. మందు వేసినప్పుడు అది పోగుపడితే ఆటోఫేజీ ప్రవాహం నడుస్తున్నట్టే. మందు లేకుండా బ్యాండ్ ముదిరిందంటే రెండర్థాలు: ఎక్కువ తయారవుతోంది, లేదా అరగడం లేదు. ఆ పంపు ఆగితే చెడేది ఆటోఫేజీ ఒక్కటే కాదు, అందుకే ఆటోఫేజీ జన్యువు చెడిన ఏటీజీ మ్యూటెంట్‌లో కూడా సరిచూడాలి.

బరంపురం_నాచు: ఒక్కసారే కడిగాం, క్లోరోఫిల్‌తోనే భాగించాం. డీఎంఎస్‌ఓ (మందుని కరిగించే ద్రావకం) మాత్రమే వేసిన కంట్రోల్ తప్పనిసరా?

పర్లాకిమిడి_వాక్యూల్: తప్పనిసరే. 100 మైక్రోమోలార్ స్టాక్ నుంచి 50 మిల్లీలీటర్లకి 50 మైక్రోలీటర్లు వేస్తే డీఎంఎస్‌ఓ 0.1 శాతం. మిగతా ఫ్లాస్కులన్నిటికీ అంతే వేయండి.