కొన్న ధరకన్నా తక్కువ చెల్లిస్తున్న పీబీఎం: ఆర్కన్సాలో అప్పీలు చేస్తే ఫలితం ఉంటుందా?

ప్రశ్న (చిన్న ఊరి ఫార్మసిస్టు):

నేనూ నా భార్యా అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊరిలో సొంత ఫార్మసీ నడుపుతున్నాము. ఈ మధ్య హోల్‌సేలర్ వద్ద 41 డాలర్లకు కొన్న ఒక జనరిక్ మందుకు, రోగి తన వాటాగా కట్టిన కో-పేతో కలిపి, పీబీఎం (ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, అంటే బీమా ప్లాన్ల తరఫున మందుల బిల్లులు చెల్లించే మధ్యవర్తి సంస్థ) ద్వారా మాకు ముట్టినది 29 డాలర్లు. జీతాలు, అద్దె మాట అటుంచినా సరుకు మీదనే 12 డాలర్లు నష్టం. అప్పీలు చేస్తే, మ్యాక్ ధర (పీబీఎం ఒక మందుకు గరిష్ఠంగా చెల్లిస్తానని నిర్ణయించుకున్న ధర) సరిగానే ఉందని ఒకే వాక్యంలో తిరస్కరించారు. పీబీఎంలు ఫార్మసీలకు కొన్న ధరకన్నా తక్కువ చెల్లించకుండా మా రాష్ట్రం చేసిన 2015 నాటి చట్టం, యాక్ట్ 900ను అమెరికా సుప్రీం కోర్టు సమర్థించిందని విన్నాను. అది ఆచరణలో ఎంతవరకు అక్కరకు వస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (కౌంటరు వెనుక):

ఆ ఒక్క వాక్యపు తిరస్కరణ చట్టం ప్రకారం చెల్లదండీ. అప్పీలును తోసిపుచ్చేటప్పుడు, మ్యాక్ ధరకన్నా తక్కువకు ఆ మందు ఏ ఎన్‌డీసీ నంబరుతో (ప్రతి మందు ప్యాకుకూ ఉండే గుర్తింపు సంఖ్య), ఆర్కన్సాలో సరఫరా చేసే ఏ హోల్‌సేలర్ వద్ద దొరుకుతుందో పీబీఎం చెప్పి తీరాలి. మీరు ఎక్కువ సరుకు కొనే హోల్‌సేలర్ వద్ద ఆ ధరకు దొరకకపోతే, మ్యాక్ ధరను మీ కొనుగోలు ధరకు పైకి సవరించి, పాత క్లెయిమును వెనక్కి తీసుకుని మళ్లీ బిల్లు చేసుకోనివ్వాలి. తమ అనుబంధ ఫార్మసీలకు ఇచ్చేదానికన్నా మీకు తక్కువ ఇవ్వకూడదన్న నిబంధన కూడా అందులోనే ఉంది. కాబట్టి ఇన్‌వాయిస్ జతచేసి, ఎన్‌డీసీ నంబరు, హోల్‌సేలర్ పేరు రాతపూర్వకంగా అడగండి. రాకపోతే రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేయండి.

అయితే ముందుగా ఆ క్లెయిము ఏ ప్లానుదో చూసుకోవాలి. 2020 డిసెంబరులో రట్లెడ్జ్ కేసులో 8-0తో వచ్చిన సుప్రీం కోర్టు తీర్పు, ఈ చట్టానికి ఎరిసా (యజమానులు ఉద్యోగులకిచ్చే ప్లాన్లపై ఉన్న ఫెడరల్ చట్టం) అడ్డు కాదని మాత్రమే తేల్చింది. మెడికేర్ పార్ట్ డి (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ మందుల బీమా) అంశం సుప్రీం కోర్టు ముందుకు రాలేదు. ఆ క్లెయిముల విషయంలో 8వ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు 2018లోనే చట్టానికి వ్యతిరేకంగా చెప్పింది. వృద్ధులు ఎక్కువగా వచ్చే దుకాణాలకు అసలు చిక్కు అక్కడే.

జవాబు 2 (ప్లాను లెక్కలు చూసేవాడిని):

ఒక కంపెనీ ఉద్యోగుల ఆరోగ్య ప్లాను ఖర్చులు చూసే ఉద్యోగంలో ఉన్నాను; మీకు రుచించకపోయినా అవతలివారి వాదన చెబుతాను. ఇన్‌వాయిస్ ధర ఎంతైనా చెల్లించవలసిందే అయితే, చౌకగా కొనాలన్న పట్టింపు ఫార్మసీకి ఉండదు. పైగా హోల్‌సేలర్లు తరువాత ఇచ్చే రిబేట్లు ఆ ఇన్‌వాయిస్‌లో కనపడవు. మ్యాక్ లిస్టు పుట్టినది ఈ కారణంగానే.

జవాబు 3 (కౌంటరు వెనుక):

రిబేట్ల మాట నిజమే, కానీ ఈ చట్టంలో కొనుగోలు ధర అంటే ఇన్‌వాయిస్‌పై ఉన్న ధరే. ఇన్‌వాయిస్ నమ్మదగినది కాదనుకుంటే, ఫార్మసీల సర్వే ఆధారంగా సీఎంఎస్ (మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ) ప్రతి వారం ప్రకటించే నాడాక్ సగటు ధరలు ఉన్నాయి. వాటికి న్యాయమైన డిస్పెన్సింగ్ ఫీజు కలిపి చెల్లించమనండి, నాకు అభ్యంతరం లేదు. అప్పుడు చౌకగా కొన్నవాడికే లాభం మిగులుతుంది. మ్యాక్ లిస్టును రాసేదీ, అప్పీలుపై తీర్పు చెప్పేదీ ఒకే పీబీఎం. పైగా అదే గొడుగు కింద మెయిల్ ఆర్డర్ ఫార్మసీ కూడా ఉన్నప్పుడు, ఆ లిస్టు పొదుపు కోసమేనని ఎలా నమ్మమంటారు? దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో 80 శాతానికి దగ్గరగా మూడు పీబీఎంల చేతుల మీదుగానే సాగుతున్నాయని 2024లో ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) తన మధ్యంతర నివేదికలో చెప్పింది. ఒప్పందం నచ్చకపోతే వదులుకోవచ్చన్న మాట చిన్న ఊళ్లో చెల్లదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రోగి బీమా కార్డుపై ప్లానును గుర్తించే బిన్, గ్రూపు నంబర్లు సరిచూశాను. ఇది ఒక యజమాని ప్లానుదే, పార్ట్ డి కాదు. ఎన్‌డీసీ అడుగుతూ నేడే లేఖ పంపుతున్నాను. నష్టం వచ్చే మందును ఇవ్వబోమనే హక్కు కూడా ఈ చట్టంలో ఉందంటున్నారు, నిజమేనా?

జవాబు 4 (కౌంటరు వెనుక):

ఉంది. కానీ మీ తరువాతి ఫార్మసీ ఎన్ని మైళ్ల దూరంలో ఉందో చూసుకుని వాడండి.